అర డిగ్రీ మావయ్య

మావయ్యకి ఈ భూమ్మీద పడనిది ఒక్కటే, ఏదైనా ఒక్కసారిగా జరగడం. మంచైనా సరే, చెడైనా సరే, మెల్లగా రావాలి, మెల్లగా పోవాలి. కొత్త బూట్లు కొంటే మొదటిరోజు వాటిని ఎదురుగా పెట్టుకుని చూసేవాడు. మర్నాడు కాళ్లు దూర్చి కూర్చునేవాడు. ఆ మర్నాడు లేచి నిలబడేవాడు. ఆయన వాటితో వీధిలోకి అడుగుపెట్టే నాటికి కంపెనీవాళ్లు ఆ రకం బూట్లు మానేసి ఇంకో రకం మొదలుపెట్టేవాళ్లు. "పాపం, పాదానికి తెలియాలి కదమ్మా, తన మీదికి ఏం వస్తోందో" అనేవాడు. అడిగినవాళ్లు తల కొట్టుకుని వెళ్లిపోయేవాళ్లు. నిద్ర లేవడం కూడా విడతలవారీగానే. ముందు ఒక కన్ను, కాసేపాగి రెండోది.

ఆయన పెళ్లి కథ వింటే ఇంకా బాగుంటుంది. అత్తయ్య పళ్ల డాక్టరు. మావయ్య పన్ను నొప్పితో వెళ్లాడు, నొప్పి ఒక్కరోజులో తగ్గిపోయింది, రాకపోకలు మాత్రం ఏడాదిపాటు తగ్గలేదు. మొదటి నెలల్లో "మీ దీపం వెలుతురు బాగుందండీ" అనేవాడు. తర్వాత "మీ కిటికీ బాగుంది". ఆ తర్వాత చాలా ధైర్యం చేసి "ఈ గదిలో ఉన్నవన్నీ బాగున్నాయి" దాకా వచ్చాడు. చల్లకొచ్చి ముంత దాచేవాళ్లని అత్తయ్య చాలామందిని చూసింది గానీ, ముంతని ఏడాదిపాటు దాచినవాణ్ణి చూడలేదు. ఓ రోజు ఆయన్ని కుర్చీలో వెనక్కి వాల్చి, నోరు తెరిపించి, అద్దమూ పట్టుకారూ రెండూ లోపల పెట్టి, "నన్ను పెళ్లి చేసుకుంటారా? అవునంటే తల ఊపండి" అంది. మావయ్య ఊపాడు. ఇంకేం చేస్తాడు పాపం, నోట్లో పట్టుకారు ఉండగా!

ఇలాంటి మనిషి దగ్గర పనికి చేరింది ఎవరయ్యా అంటే స్వయానా మేనకోడలు. పుట్టడమే నెల ముందు పుట్టింది. నోట్లో నువ్వుగింజ నానదు. మనసులో ఏదుంటే అది కుండబద్దలు కొట్టినట్టు చెప్పేస్తుంది. ఇంట్లో చిన్నప్పటినుంచీ తొందరమ్మ అనే పిలిచేవారు. "నిదానమే ప్రధానం" అని మావయ్య అంటే, "ఆలస్యం అమృతం విషం" అని ఆమె అనేది. రెండూ పెద్దలు చెప్పినవే కాబట్టి ఎవరూ ఓడిపోకుండా ఏళ్లు గడిచిపోయాయి.

వాళ్లు పనిచేసేది ఓ పెద్ద పరిశోధనాలయంలో, నేలకింది అంతస్తులో. అక్కడ వరసగా చల్లటి తొట్లు, ఆ తొట్లలో దక్షిణ ధ్రువం దగ్గరి సముద్రం నుంచి తెచ్చిన చేపలు. ఆ ఉప్పునీళ్లు సున్నాకి కూడా కిందే ఉంటాయి. అందులో మామూలు చేపని వదిలితే బిగుసుకుపోతుంది. వీటి రక్తంలో మంచు పలుకుల్ని పెరగనివ్వని పదార్థం ఒకటి ఉంది కాబట్టి హాయిగా తిరుగుతుంటాయి. తొందరమ్మ చేరిన మొదటిరోజు మావయ్య ఓ తొట్టి ముందు నిలబెట్టాడు. లోపల పాలిపోయిన చేప ఒకటి, మూతి పొడుగ్గా, ఏ పనీ లేని పెద్దమనిషిలా అడుగున కూర్చుని ఉంది.

"దీని పేరు పెద్దాయన. దీని రక్తంలో ఎరుపు లేదు తెలుసా?"

"ఎరుపు లేకుండా ప్రాణవాయువు ఎలా మోస్తుంది మావయ్యా?"

"అంత చల్లటి నీళ్లలో అది దండిగా ఉంటుందమ్మా. దానికితోడు గుండె పెద్దది. అందుకని ఎర్రకణాలు లేకపోయినా గడిచిపోయింది. లక్షల ఏళ్లుగా వీటి వంశంలో ఎవరూ వేడి అన్నది చూడలేదు. అక్కర్లేనివి ఒక్కొక్కటే పోతూ వచ్చాయి."

"మరి ఇప్పుడు సముద్రం వేడెక్కితే?"

మావయ్య అద్దాలు తుడుచుకున్నాడు. "అదే కదా మన బాధ. మామూలు చేపకి వేడి తగిలితే ఒంట్లో మరమ్మతు ప్రొటీన్లు బిలబిలమంటూ పుట్టుకొస్తాయి. వేడికి వంకరపోయినవాటిని సరిచేస్తాయి. వీటికేమో ఆ చలికే రోజూ ఏదో ఒకటి వంకరపోతుంటుంది. అందుకని మరమ్మతువాళ్లు పగలూ రాత్రీ డ్యూటీలోనే. నిజంగా నిప్పంటుకున్న రోజున కొత్తగా పిలవడానికి ఎవరూ మిగల్లేదు."

"అయితే చచ్చిపోతాయా?"

"నువ్వు మరీనూ! ఒక్కసారిగా పెంచితే వెల్లకిలా తిరగబడతాయి. అర డిగ్రీ పెంచు. ఆగు. తిండి తింటోందా, నిటారుగా ఉందా చూడు. అలవాటయ్యాక ఇంకో అర డిగ్రీ. ఎంతవరకు తట్టుకుంటాయో ఎవరూ ఇంతవరకు తేల్చలేదు. అది తేల్చాల్సింది నువ్వు."

అదీ ఆమెకిచ్చిన పని. పెద్దాయననీ, దాని జాతివాళ్లనీ మైనస్ ఒకటి నుంచి నాలుగు డిగ్రీల దాకా మెట్టుమెట్టుగా ఎక్కించాలి. నెలలు పట్టే పని. మధ్యలో ఒక్కరోజు గాడి తప్పినా మొత్తం పోయినట్టే, మళ్లీ కొత్త చేపలు రావాలంటే ఓడ రావాలి. అది పూర్తయితే తొందరమ్మ ఎవరి మేనకోడలూ కాదు, తనకంటూ పేరున్న శాస్త్రవేత్త. ఆమెకి ఆ సంగతి పొద్దున లేచిన దగ్గరనుంచీ గుర్తుంటుంది.

ఇక 'అర డిగ్రీ' ఆయనకి ఇంటిపేరైపోయింది. అది తొట్ల దగ్గరే ఆగితే ఫరవాలేదు. పంపుల సంగతి చూసే పంపు బాబాయ్ స్కూటరుని ఓ రోజు పొద్దున్నే ఎవరిదో లారీ వెనక్కి వస్తూ తొక్కేసింది. చూసింది మావయ్య ఒక్కడే. మామూలు మనిషైతే పరిగెత్తుకెళ్లి చెబుతాడు. మావయ్య అలా చెబితే మావయ్యెందుకవుతాడు?

"బాబాయ్, నీ స్కూటరు పాతదేనా?" అన్నాడు ముందు.

"పాతదే సార్. ఏం?"

"ఏం లేదులే."

టీ దగ్గర మళ్లీ, "అద్దాలు లేకుండా నడపగలవా?"

"నడపొచ్చు సార్. ఎందుకూ?"

"ఊరికే."

భోజనాల దగ్గర, "పోనీ, ముందు చక్రం లేకుండా?"

"ముందు చక్రం లేకుండా ఎలా సార్!"

"నడక మంచిదయ్యా, గుండెకి" అన్నాడు మావయ్య, పెరుగు కలుపుకుంటూ.

సాయంత్రానికి పంపు బాబాయ్ ఇంట్లో ఎవరో పోయారని ఖాయం చేసేసుకున్నాడు. గోడకి ఆనుకుని నేలమీద కూలబడి, "సార్, మీకు దణ్ణం పెడతా, చెప్పెయ్యండి. మా ఆవిడేనా?" అన్నాడు.

"ఛఛ, స్కూటరయ్యా! లారీ తొక్కేసింది."

పంపు బాబాయ్ ఎగిరి గంతేశాడు. "హమ్మయ్య! స్కూటరేనా!" అని అంతస్తులో ఉన్నవాళ్లందరికీ టీలు చెప్పాడు. మావయ్య మేనకోడలివైపు తిరిగి, చూశావా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

"అందరూ చావు కబురు చల్లగా చెబుతారు మావయ్యా. నువ్వు స్కూటరు కబురుని చావు కబురు చేసి మరీ చెప్పావు" అంది తొందరమ్మ. మావయ్య అది మెచ్చుకోలే అనుకున్నాడు.

ఒకసారి ఆమె వంతు వచ్చింది. తన ఫలితాలు చెప్పాల్సిన సమావేశం ఒకటి దగ్గరపడుతోంది, చేపలేమో అర డిగ్రీ దగ్గర కూర్చుని కదలనంటున్నాయి. ఎవరూ లేనప్పుడు మీటరు రెండు డిగ్రీలు ఒకేసారి తిప్పేసింది. భోజనం చేసి వచ్చేసరికి పెద్దాయన పక్కకి ఒరిగి, పొట్ట పైకి పెట్టి తేలుతోంది. తొందరమ్మ కేక విని మావయ్య వచ్చాడు. పరిగెత్తలేదు, కానీ అంత వేగంగా నడవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. వచ్చినవాడు ముందు రెండు చేతులూ మంచునీళ్లలో ముంచాడు. మన చేతి వేడికి ఆ చేప ఒళ్లు కాలుతుందని ఆయన ఎప్పుడూ అలాగే చేస్తాడు. తర్వాత దాన్ని చల్లటి తొట్టిలోకి మార్చి, మొప్పల మీదుగా నీళ్లు పారేలా పట్టుకుని నిలబడ్డాడు. వేళ్లు నీలంగా మారినా వదల్లేదు. చాలాసేపటికి పెద్దాయన తోక ఆడించి, నిటారుగా సర్దుకుని, ఏమీ జరగనట్టు అడుక్కి వెళ్లి కూర్చుంది. ప్రయోగం మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలైంది.

తిట్లు పడతాయని తొందరమ్మ తల వంచుకుని నిలబడింది. మావయ్య చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. మంగళవారం మెల్లగా అన్నాడు, "అమ్మాయ్, నిన్న నీళ్లు కాస్త వెచ్చబడినట్టున్నాయి."

బుధవారం, "మీటరు దానంతట అది తిరగదనుకుంటా."

గురువారం, "చేతులున్న మనిషెవరో తిప్పి ఉంటారు."

"నేనే మావయ్యా! నేనే తిప్పాను! తిట్టెయ్యి, ఒక పనైపోతుంది!"

"ఆగమ్మా. తిట్టు రేపటికుంది."

శుక్రవారం వచ్చి "ఇంకెప్పుడూ అలా చెయ్యకు" అన్నాడు. అంతే. ఈలోపు ఆమె తనని తాను తిట్టుకున్న తిట్ల ముందు అది ముద్దులా ఉంది. ఆ తర్వాత ఆమె మీటరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా రెండుసార్లు ఆలోచించేది.

ఇదంతా అందరికీ అలవాటే. అలవాటు లేనిది ఆ తర్వాత మొదలైంది. పెద్దాయన రెండో డిగ్రీ ఎక్కిన రోజుల్లో మావయ్య పంపు బాబాయ్‌ని పిలిచి, "నగరం అవతల ఆక్వేరియంవాళ్ల పంపు మూలుగుతోందట, ఓ గంట చూసి రా" అన్నాడు. మరుసటి వారం రెండు గంటలు. ఆ పై వారం పూటంతా. పంపులేమో అక్కడ బ్రహ్మాండంగా ఉన్నాయి. "వెళ్తే కుర్చీ వేసి కాఫీ ఇస్తున్నారమ్మా, నాకేం అర్థం కావట్లేదు" అని పంపు బాబాయ్ తొందరమ్మతో మొరపెట్టుకున్నాడు.

ఆ తర్వాత తొట్లు. ఒక్కో వారం ఒక్కో తొట్టి, చేపలతో సహా, చల్లబరిచే బండిలో ఆక్వేరియానికి పోవడం మొదలైంది. అడిగితే "వాళ్ల నీళ్లు ఎలా ఉన్నాయో ఇది చూసొస్తుంది" అనేవాడు. చూడ్డానికి వెళ్లింది ఒక్కటీ తిరిగి రాలేదు. చివరికి తొందరమ్మని కూడా, "వాళ్లు నీ పని గురించి వినాలంటున్నారు, కాసేపు మాట్లాడి రా" అని పంపాడు. రెండోసారి వెళ్లేసరికి అక్కడ ఆమెకో బల్ల ఉంది. "ఊరికే, బ్యాగు పెట్టుకోడానికి" అన్నాడు మావయ్య. మూడోసారికి బల్లమీద దీపం, గోడకి మేకు, మేకుకి ఆమె కొలతకి సరిపోయే చలికోటు.

తొందరమ్మకి ఒళ్లు మండింది. నన్ను వదిలించుకోవాలని చూస్తున్నాడు, నా చేపల్ని ఇంకెవరికో అప్పజెప్పబోతున్నాడు, పైకి చెప్పలేక ఇలా నానుస్తున్నాడు అనుకుంది. తిన్నగా అత్తయ్య క్లినిక్‌కి వెళ్లి కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

అత్తయ్య చేతి తొడుగులు విప్పుతూ, "ఇంట్లో కూడా ఏదో నానుతోందే" అంది. "పగలంతా ఇంట్లో ఉండే మొగుడు ఎలా ఉంటాడంటావు అని అడిగాడు మొన్న. నిన్న గిన్నెలు తోమడం నేర్పమన్నాడు. ముందు చెంచాలతో మొదలుపెడతాడట."

"పెన్నుకి మూత పెట్టడమే మర్చిపోయే మనిషికి గిన్నెలెందుకు అత్తయ్యా?"

"అదే నాకూ అంతుపట్టట్లేదు. అయినా నీ మావయ్య నిన్ను వదిలించుకోవడమేంటే! అరిగిపోయిన టూత్‌బ్రష్‌నే వదల్లేడు" అంది అత్తయ్య. తొందరమ్మకి సగం కోపం తగ్గింది, సగం అలాగే ఉండిపోయింది.

ఓ సోమవారం డైరెక్టరుగారు కిందికి దిగివచ్చారు. ఆయనకి మావయ్య అంటే గౌరవమే గానీ కరచాలనం అంటే భయం, ఆ మంచు చేతితో ఒకసారి దెబ్బతిన్నారు. అందుకని చేతులు రెండూ జేబుల్లో పెట్టుకునే వచ్చారు. వెనక ఓ మనిషి మంచినీళ్ల సీసాలు మోసుకొచ్చాడు. ఎవరైనా కళ్లు తిరిగి పడితే పట్టుకోడానికి ఇంకో ఇద్దరు తలుపు దగ్గర నిలబడ్డారు. మావయ్య ఆ వేళకి ఆఖరి తొట్లకి బండి మాట్లాడ్డానికి బయటికి వెళ్లాడు.

"మీ అందరికీ పిడుగులాంటి వార్త చెప్పాలి" అన్నారు డైరెక్టరుగారు గొంతు సవరించుకుని. "ఈ అంతస్తు మూసేస్తున్నారు. నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యాలి. ఇక్కడ కార్లు పెడతారట. మీ ఉద్యోగాలు ఇక్కడితో..." అని ఆగి, అందరి మొహాలూ చూశారు.

పంపు బాబాయ్ చెవి గోక్కున్నాడు. "అంతేనా సార్?"

"అంతేనా అంటావేంటయ్యా!"

"నన్ను ఆక్వేరియంవాళ్లు ఒకటో తారీఖునుంచి పూర్తిగా వచ్చెయ్యమన్నారు సార్. ఎలా చెప్పాలా అని నేనే మొహమాటపడుతున్నా."

మిగతావాళ్లూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకరికి అక్కడ తాళంచెవులు ఇచ్చేశారు, ఇంకొకరు అక్కడి క్యాంటీన్‌లో వంటాయనకి స్నేహితుడైపోయారు. అసలీ గదిలో మిగిలినవే రెండు తొట్లు. డైరెక్టరుగారు సీసా మూత తీసి తామే గటగటా తాగేశారు. "ఏడు నెలల కిందట ఆయనొక్కడికే చెప్పాను. పైనుంచి మాట వచ్చేదాకా ఎవరికీ చెప్పనని మాటిచ్చాడు. చెప్పేశాడా ఏంటి?"

"చెప్పలేదు సార్" అంది తొందరమ్మ. "ఒక్క ముక్క కూడా చెప్పలేదు."

చెప్పకుండానే అందరినీ అర డిగ్రీ, అర డిగ్రీ చొప్పున అక్కడికి చేర్చేశాడు. నెలాఖరున ఒక్క పెట్టున చేపల్ని తరలించి ఉంటే సగం దారిలోనే తిరగబడేవి. ఇప్పుడు పెద్దాయన ఆక్వేరియంలో మూడు డిగ్రీల నీళ్లలో నిటారుగా కూర్చుని, పెట్టింది పెట్టినట్టు తింటోంది. రేపు వెళ్లబోయే తొట్టి కూడా అవే మూడు డిగ్రీలు. ఆమె నెలల కష్టం ఎక్కడా గాడి తప్పలేదు. ఆయన గురించి ఏమేం అనుకుందో తలుచుకుంటే తొందరమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

అప్పుడు గుర్తొచ్చాయి గిన్నెలు. "సార్, మరి మావయ్యకి అక్కడ ఏం పని?"

డైరెక్టరుగారు నేలచూపులు చూశారు. "మీ అందరికీ ఎక్కడైనా చోటు చూస్తానని అప్పుడే అన్నాడమ్మా, కుదురుతుందని నేననుకోలేదు. తన మాట ఎత్తలేదు. పెద్దవాణ్ణయిపోయాను, ఇంట్లో కూర్చుంటాను అన్నాడు."

తొందరమ్మ వెంటనే తన స్కూటరు తీసింది. ఆక్వేరియం పెద్దావిడ గదిలోకి తలుపైనా తట్టకుండా వెళ్లి, కూర్చోమనేలోపే మొదలుపెట్టింది. "మేడమ్, చేపలొచ్చాయి, మనుషులొచ్చారు, ఆ చేపల్ని బతికించేవాణ్ణి మాత్రం వదిలేశారు. ఒక్కోటి ఎప్పుడు తింటుందో, ఎప్పుడు అలుగుతుందో ఆయనకే తెలుసు. ఆయన రాకపోతే నేనూ రాను. నా ప్రయోగమూ రాదు."

"అమ్మాయ్, ఆయన వస్తానని ఎప్పుడూ అనలేదే!"

"ఆయన ఎందుకంటాడు మేడమ్? పెళ్లి చేసుకుంటానని కూడా అనలేదు. ఆయన నోట్లో పట్టుకారు పెట్టి అత్తయ్యే అడిగితే తల ఊపాడు."

పెద్దావిడ పడీపడీ నవ్వింది. నవ్వు తగ్గాక, శీతల విభాగానికి ఒక పెద్ద దిక్కు కావాలనే తానూ అనుకుంటున్నానంది. తొందరమ్మ ఆ మాట కాగితం మీద పడేదాకా కుర్చీలోంచి లేవలేదు.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా తనకి తాను చెప్పుకుంటూ వచ్చింది. మెల్లగా చెప్పాలి. ఇవాళ కొంచెం, రేపు కొంచెం, శుక్రవారానికి అసలు విషయం. ఆయన పద్ధతిలోనే చెప్పాలి. మావయ్య కింది అంతస్తులో ఖాళీ తొట్టి ఒకటి తుడుస్తున్నాడు. పక్కన పంపు బాబాయ్ గొట్టాలు చుడుతున్నాడు.

"మావయ్యా, అక్కడ నీళ్లు బాగున్నాయి" అంది.

"ఊఁ" అన్నాడు మావయ్య.

"గదులు కూడా పెద్దవి."

"ఊఁ."

"ఒక గదికి కిటికీ..." అని, ఇక ఆగలేకపోయింది. "నీకూ ఉద్యోగం ఇచ్చారు మావయ్యా! ఒకటో తారీఖునుంచి! చల్లటి తొట్లన్నిటికీ నువ్వే పెద్ద! నేనే వెళ్లి అడిగాను! నువ్వు లేకపోతే నేనూ రానని చెప్పేశాను! ఏడు నెలలు ఒక్కడివే కడుపులో పెట్టుకుని ఎలా తిరిగావు మావయ్యా!"

మావయ్య చేతిలో గుడ్డ జారిపోయింది. తూలి, బోర్లించిన బకెట్ మీద చతికిలబడ్డాడు.

"అయ్యో అమ్మా! అన్ని డిగ్రీలు ఒకేసారి పెంచేశావేంటి!" అని పంపు బాబాయ్ చన్నీళ్లకి పరిగెత్తాడు. తొందరమ్మ గాబరాగా ఆయన పక్కన నేలమీద కూర్చుని, వీపు రాస్తూ, "మావయ్యా! మావయ్యా!" అంటోంది. మావయ్య సగం గ్లాసు తాగి, సగం మీద పోసుకుని, కళ్లు తుడుచుకున్నాడు. ఆ తుడిచినవి గ్లాసులో నీళ్లు మాత్రమే కావు. కాసేపటికి ఊపిరి కుదురుకుంది. మూతి చివర నవ్వులాంటిది మొదలైంది.

"మళ్లీ చెప్పమ్మా" అన్నాడు.

"ఏది? మొత్తమా?"

"వద్దొద్దు! మొదటి ముక్క చాలు. మిగతాది రేపు చెబుదువు గాని."

తొందరమ్మ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఒక్కో మాటా కూడబలుక్కుని, మెల్లగా చెప్పింది. "అక్కడ నీళ్లు బాగున్నాయి మావయ్యా."

"బాగున్నాయా?" అన్నాడు మావయ్య, మొహమంతా నవ్వు చేసుకుని. "అయితే ఇవాళ్టికి అది చాలు."